బిజిలీ కుడి కన్ను

హసన్‌పర్తి,
5 ఫిబ్రవరి 2024.

సదానందం అన్నకు,

నీ చెల్లె భద్రమ్మ రాస్తున్నది. ఇక్కడ నేను, తోట, బిజిలీ బాగున్నాం. "బాగున్నాం" అని రాసి కలం ఆపాను. బిజిలీ అంత బాగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే ముచ్చటకు ఉత్తరమెందుకని పక్కింటి శ్యాంసుందర్ ఒకటే నవ్వుడు. "కండ్ల ముచ్చట మా అన్న దగ్గర ఫోన్ల నడువదు బిడ్డా, కాయితం మీద ఉండాలె" అన్నాను. ఏ కన్ను, ఎన్నడు, ఎంత అని రాసి ఉంటేనే అది కేసు అవుతుందని మన ఇంటిల్లిపాదికీ నేర్పింది నువ్వే కదా. పైగా నలభై రెండేళ్లకు పలక పట్టి వయోజన విద్యలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఉత్తరం రాసే సందు దొరికితే ఊరికే వదులుకుంటానా? తప్పులుంటే ఎప్పటిలాగే ఎర్ర సిరాతో దిద్ది పంపు.

సంగతి ఇది. మా దగ్గర కోతుల బాధ నీకు చెప్పాను కదా. చెరువు వైపు ఎవరి తోటలోనూ ఒక సొరకాయ నిండుగా ఎదగదు. మా తోటలో ఎదుగుతుంది. ఎందుకంటే మా తోటలో బిజిలీ ఉంది. తొమ్మిదేళ్లుగా మా కంచె మీద కోతి కూర్చున్నది లేదు. పై వీధి రాజక్క తన పెసరచేను కోసం బిజిలీని రెండు రోజులు పంపమని అడిగేది. ఎవరి కుక్కనైనా అట్లా అడిగి తీసుకుపోతారా, నువ్వే చెప్పు.

అలాంటిది పోయిన మంగళవారం ఒక గండు కోతి మోటరు గది మీద తీరుబడిగా కూర్చొని బొప్పాయి తిన్నది. బిజిలీ కిందే ఉంది. తల ఎత్తి వాసన పడుతున్నది, అటు తిరిగి మొరుగుతున్నది, ఇటు తిరిగి మొరుగుతున్నది. తొక్కలు దాని ముందరే పడుతున్నాయి. నేను పోయి బిజిలీని పట్టుకొని ఎండకు మొఖం తిప్పి చూశాను. ఎడమ కంట్లో జొన్న గింజంత తెల్లటి మచ్చ. కుడి కంట్లో పలుచగా, పొగ పట్టినట్టు.

మా పశువుల దవాఖానకు కావ్య అని కొత్త డాక్టరమ్మ వచ్చింది. చూసి, "మోతిబిందు పెద్దమ్మా, కంటి శుక్లం, మనుషులకు వచ్చేదే. హైదరాబాద్‌ల కుక్కలకు గూడ ఆపరేషన్ చేస్తరు. జల్ది తీస్కపోదాం" అన్నది. "మా అన్నను అడిగి చెప్త" అని వచ్చాను. కుక్కకు కంటి ఆపరేషనా అని రాజక్క నోరు నొక్కుకున్నది. ఎవరు ఏమన్నా నాకు ఫికర్ లేదు. నా కన్ను, మా ఆయన కన్ను, మన మేనమామ కన్ను అన్నీ నీ మాట మీదనే బాగయ్యాయి. దీనికీ నువ్వు చెప్పినట్టే చేస్తాను.

సుగుణ వదినను అడిగానని చెప్పు.

నీ మాట కోసం చూసే
భద్రమ్మ


రఘునాథపల్లి,
12 ఫిబ్రవరి 2024.

చెల్లె భద్రమ్మకు దీవెనలు.

ఉత్తరం అందింది. తప్పులు నాలుగే. మోతిబిందు అన్న మాట ఒత్తు లేకుండా సరిగ్గా రాశావు. దవాఖాన చీటీల మీద దాన్ని తప్పుగా రాసిన చదువుకున్నవాళ్లను ఎంతమందినో చూశాను.

ఇక కేసు. భద్రమ్మా, ముప్పై ఒక్క సంవత్సరాలు కంటి శిబిరాల్లో పనిచేశాను. బడి గదుల్లో బెంచీలు కలిపి పరుపులు వేసిన రోజుల నుంచి చూశాను. పాలంపేట వైపు శిబిరం పెడితే జనం వచ్చి "డాక్టరు బాబు ఏడి" అని అడిగింది నన్నే. రిటైరై పదిహేనేళ్లు దాటినా నిన్నగాక మొన్న ఒకాయన బస్సు దిగి, హైవే పక్కన ఓంప్రకాశ్ హోటల్లో నేను చాయ తాగుతుంటే వచ్చి రెప్ప ఎత్తి చూపించాడు. చూసి చెప్పాను. దండం పెట్టి పోయాడు.

కాబట్టి జాగ్రత్తగా విను. పొర పండాలి. పచ్చికాయ కోస్తే పాలు కారుతాయి, పండిన కాయ ముట్టుకుంటే చేతిలోకి వస్తుంది. కంటి పొర కూడా అంతే. ఇప్పుడు జొన్న గింజంతే ఉన్నదన్నావు. అది కన్నంతా పరుచుకొని ముత్యంలా తెల్లబడాలి. అప్పుడు తీయాలి. నీ కన్ను మర్చిపోయావా? అందరూ తొందరపెడుతుంటే ఎనిమిది నెలలు ఆపింది ఎవరు? ఇవాళ అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తున్నావంటే ఎవరి పుణ్యం?

మీ డాక్టరమ్మ బర్రెలకు సూదులు వేయడంలో మంచిదే కావచ్చు. కాదనను. కానీ కన్ను వేరే శాస్త్రం. నిన్న మొన్న కాలేజీ దాటిన పిల్ల, తొందర సహజం. ఆమెతో తగువు పెట్టుకోకు. "మా అన్న చూసుకుంటాడు" అని మర్యాదగా చెప్పు.

పదిహేను రోజులకు ఒకసారి కంటి వివరం రాసి పంపు. ఎడమ వేరు, కుడి వేరు. ఎప్పుడు పండిందో నేను చెప్తాను. ఆ రోజు నేనే వెంట వస్తాను.

మీ వదిన పక్కనుంచి "కుక్క కంటికి మీ శిబిరం లెక్కలు తెలుసా" అని అడుగుతున్నది. ఆమెకు ఎప్పుడూ వేళాకోళమే.

మీ అందరి కండ్లకు పూచీ ఉన్న
సదానందం


హసన్‌పర్తి,
4 మార్చి 2024.

అన్నకు,

నువ్వు చెప్పినట్టే వేరువేరుగా రాస్తున్నాను.

ఎడమ కన్ను: తెలుపు బాగా పరుచుకున్నది. నడుమ మాత్రం నల్లగా సందు ఉంది.
కుడి కన్ను: పొగ చిక్కబడ్డది. మధ్యాహ్నం కొంచెం కనిపిస్తున్నట్టుంది, పొద్దుగూకితే లేదు.

ఇట్లా రాస్తే బిజిలీ ముచ్చట అంతా వచ్చినట్టు లేదన్నా, ఇంకా రాస్తాను. వాకిట్లో ఏ వస్తువూ జరపడం లేదు నేను. నీళ్ల గిన్నె, గంప, పార అన్నీ ఎక్కడివక్కడే. మొన్న శ్యాంసుందర్ తెలియక నీళ్ల డ్రమ్ము తెచ్చి దారిలో పెట్టాడు. బిజిలీ పోయి తగిలింది. తగిలి ఏం చేసిందో తెలుసా? అక్కడ ఆగడానికే వచ్చినట్టు నిలబడ్డది. డ్రమ్మును వాసన చూసింది, తోక ఊపింది, మెల్లగా పక్కకు తిరిగింది. ఎవరూ చూడలేదు కదా అన్నట్టు. నేను కూడా చూడనట్టే మొఖం తిప్పుకున్నాను. దాని మర్యాద దానికి ఉండాలి కదా.

కోతుల పని మాత్రం ఆగలేదు. కోతి ఎటు ఉంటే అటు నేను మట్టిపెడ్డ విసిరి "బిజిలీ, గటు!" అంటాను. చప్పుడు విని బాణంలా పోతుంది. కోతులకు ఇంకా తెలియదు దానికి కనిపించదని. రాజక్క కంచె అవతల నిలబడి చూసి, "ఒక్క కుక్కకు ఇద్దరు పనిచేస్తాండ్రు" అన్నది. నవ్వుకుంటే నవ్వుకోనీ. చూపు లేకుండా కాపలా కాసే కుక్క ఈ జిల్లాలో ఎవరికి ఉంది?

ఒక చిన్న సంగతి. ఎడమ కన్ను కొంచెం ఎర్రబడ్డది, నీరు కారుతున్నది. పక్క కల్లంలో మిరపకాయ ఆరబోశారు, ఆ ఘాటు కావచ్చు. డాక్టరమ్మ దారిన పోతూ చూసింది. "పండెదాకా ఆగుడు పాతకాలం మాట పెద్దమ్మా. ముదిరితే లోపల వాపు వస్తది, కన్నే పోతది" అన్నది. నాకు కోపం వచ్చింది. "మా అన్న చెప్పింది ఎన్నడు తప్పు పోలే. నువ్వు పుట్టక ముందు నుంచి కండ్లు చూస్తాండు" అన్నాను. చాయ తాగకుండా లేచి పోయింది. పోతూ ఒక చుక్కల మందు సీసా అరుగు మీద పెట్టిపోయింది, రోజుకు నాలుగుసార్లు వెయ్యమని.

అట్లా అనకపోవాల్సింది. కానీ నిన్ను పాతకాలం అంటే ఊరుకోలేకపోయాను.

ఆ చుక్కలు వెయ్యాలా, వద్దా? సీసా మూత తియ్యకుండా పెట్టాను.

నీ చెల్లె
భద్రమ్మ


రఘునాథపల్లి,
11 మార్చి 2024.

భద్రమ్మకు,

దీవెనలు. శభాష్. నీ వివరం చదివితే శిబిరం రోజులు గుర్తొచ్చాయి. ఎడమ కన్ను దగ్గరపడింది. ఇంకొక నెల. ఎరుపు మిరప ఘాటుదే, సందేహం లేదు. కాచి చల్లార్చిన నీళ్లతో, ఉతికిన మెత్తటి గుడ్డతో తుడువు.

చుక్కలు ఇప్పుడు వద్దు. పండేటప్పుడు మందు పడితే పండడం ఆగుతుంది. సీసా అట్లాగే ఉండనీ.

డాక్టరమ్మకు నువ్వు చెప్పిన జవాబు ఓంప్రకాశ్ హోటల్లో నలుగురి ముందు చదివి వినిపించాను. అందరూ మెచ్చుకున్నారు. చెల్లె అంటే అట్లా ఉండాలి అన్నారు. ఆపరేషన్ రోజు నేను రఘునాథపల్లి బస్సు స్టేజీ దగ్గర బండి ఎక్కుతానని కూడా అందరికీ చెప్పాను. హైదరాబాద్ డాక్టరుకు కేసు మొదటి నుంచి నేను వివరిస్తాను. అంత తయారీతో వచ్చే కేసు వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు.

నీ అన్న
సదానందం


రఘునాథపల్లి,
1 ఏప్రిల్ 2024.

భద్రమ్మకు,

నీ దగ్గర నుంచి మూడు వారాలుగా ఉత్తరం లేదు. పదిహేను రోజులకొకటి రాయమన్నాను. వయోజన విద్య పరీక్షలప్పుడు కూడా తప్పించుకోని దానివి.

ఎందుకు రాయలేదో నిన్న తెలిసింది. ఓంప్రకాశ్ చెప్పాడు. పోయిన బుధవారం పొద్దున తెల్ల వ్యాను ఒకటి అతని హోటల్ ముందు ఆగిందట. డ్రైవరు, ఒక పిల్ల దిగి చాయ తాగారట. "మీ చెల్లె లోపల్నే కూసున్నది సదానందం సాబ్. తలమీది నుంచి కొంగు కప్పుకున్నది. ఒళ్లో కుక్క. నేను నమస్తే పెడితే మొఖం అటు తిప్పింది" అన్నాడు. నలుగురి ముందు అన్నాడు. ఏ నలుగురి ముందు నీ ఉత్తరం చదివానో ఆ నలుగురి ముందే.

హోటల్ నుంచి నా ఇల్లు ఎంత దూరం? మీ వదిన వాకిట్లో నిలబడితే ఆ వ్యాను కనిపించేది. నా గడప ముందు నుంచి మొఖం కప్పుకొని పోయావు. నేను పండలేదన్న పొరను, నేను వద్దన్న తొందరలో, ఆ చిన్నపిల్ల మాట పట్టుకొని తీయించావన్న మాట. ముసలాణ్ణి వెంట తీసుకుపోతే చిన్నతనం అనిపించిందా?

మీ ఆయన కండ్లకు పట్టీ కట్టింది ఈ చేతులే. అది గుర్తుంటే చాలు. ఇక వివరాలు నాకు పంపనక్కరలేదు.

సదానందం


హసన్‌పర్తి,
5 ఏప్రిల్ 2024.

అన్నా,

కోపంలో నా పేరు కింద దీవెన కూడా రాయలేదు నువ్వు. అయినా రాస్తున్నాను. ఈ ఉత్తరం హోటల్లో చదవకు. ఇంట్లో తలుపేసుకొని చదువు.

మార్చి 25న బిజిలీ అన్నం ముట్టలేదు. తల తీసుకుపోయి గోడ మూలలో ఆనించి అట్లాగే నిలబడ్డది. పిలిస్తే రాలేదు. నేను చెయ్యి వేస్తే, నా చేతినే కరవబోయింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి. ఎడమ కన్ను ఉబ్బి, నీలంగా, రాయిలాగ అయింది. డాక్టరమ్మను ఏ మొఖంతో పిలవాలో తెలియక రోజంతా ఆగాను. మర్నాడు పిలిచాను. ఒక్క మాట అనకుండా వచ్చింది. సెలవు పెట్టి, శ్యాంసుందర్‌తో వ్యాను మాట్లాడించి, బుధవారం తానే హైదరాబాద్ తీసుకుపోయింది.

ఆపరేషన్ కాలేదన్నా. నువ్వు తప్పుగా అనుకున్నావు. అక్కడి పెద్ద డాక్టరు కంటి మీద చిన్న మిషను ఆనించి చూశాడు. పొర బాగా ముదిరి లోపల వాచిందట, ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందట. "ఈ ఎడమ కన్ను ఇక రాదమ్మా. రెండు నెలల ముందు తెస్తే రెండూ దక్కేటియి. ఎందుకు ఆగిండ్రు?" అని అడిగాడు.

"నా బుద్ధితక్కువ సారు" అన్నాను.

కావ్య నా దిక్కు చూసింది.

ఆ మాట అడుగుతారని నాకు వ్యానులోనే తెలుసు. దారిలో కావ్య అంతా చెప్పింది. మీ స్టేజీ దగ్గర ఆగినప్పుడు నేను దిగలేదు. నేను దిగితే నువ్వు వ్యాను ఎక్కుతావు. ఎక్కితే ఆ ప్రశ్న నీ ముందర అడుగుతారు. ముప్పై ఒక్క సంవత్సరాలు తల ఎత్తుకొని తిరిగిన నా అన్న ఒక దవాఖాన గదిలో తల దించుకుంటే నేను చూడలేను. అందుకే కొంగు కప్పుకున్నాను. చిన్నతనమై కాదు.

కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఉంది. నీ మీద కొంత. మూత తియ్యకుండా ఆ సీసా గూట్లో పెట్టిన నా మీద ఎక్కువ.

ఇప్పుడు కుడి కన్ను. దానికీ చూపు పూర్తిగా మూసుకుపోయింది. కానీ లైటు పెట్టి పరీక్ష చేశారు, లోపలి తెర బతికే ఉందట. మూడు వారాలు చుక్కలు వేసి వాపు తగ్గిస్తే ఆపరేషన్ చేస్తామన్నారు. మత్తు ఇవ్వాలి, తొమ్మిదేళ్ల కుక్క, లేవకపోవచ్చు కూడా అని చెప్పి సంతకం అడుగుతారట. ముందు, తర్వాత కలిపి రెండు నెలలు చుక్కలే చుక్కలు. రెండు మూడు రకాలు, గంటల లెక్కన. ఒక్కటి తప్పినా ఈ కన్ను కూడా ఎడమ కన్ను దారిలోనే పోతుంది. మొరగొద్దు, ఉరకొద్దు, మెడకు పట్టీ కట్టి లాగొద్దు. ఇక్కడ కోతి కిచకిచమంటే మొరగకుండా ఉంటుందా బిజిలీ?

"ఉన్నన్ని దినాలు వాసనతోటి బతుకుతది, ఇడిసిపెట్టు" అంటున్నది రాజక్క. చెడ్డ మాట కాదు. నేనూ రెండు రోజులు అట్లాగే అనుకున్నాను. తర్వాత నాకు ఒకటే అనిపించింది. చూపు లేకుండా కూడా నా తోట కాసిన కుక్క అది. చూపు వచ్చే దారి ఉండి నేను మూసేస్తే, దాని ముందు నా మొఖం చెల్లదు. ఖర్చు సంగతి నువ్వు అడగకు, నేను చెప్పను.

ఈసారి నిన్ను అడగడం లేదన్నా. చెప్తున్నాను. కుడి కన్ను చేయిస్తాను.

భద్రమ్మ


రఘునాథపల్లి,
8 ఏప్రిల్ 2024.

భద్రమ్మా,

మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది. చింపుతుంటే మీ వదిన చూసింది. నీ ఉత్తరం ఆమెకే ఇచ్చాను, చదువుకొమ్మని.

నీకు ఎవరికీ చెప్పని మాట చెప్తాను. పొర పండాలని మేము ఎందుకు అనేవాళ్లమో తెలుసా? అవి చేత్తో పొర తీసే రోజులు. పండితే ఒక్క ముక్కగా వచ్చేది. తర్వాత మిషన్లు వచ్చాయి. లేతగా ఉన్నప్పుడే తీయడం మొదలైంది. ఇది నేను రిటైరయ్యాక జరిగింది కాదు. నా ముందరే జరిగింది. నాకు తెలుసు. అయినా ఊళ్లలో జనం అడిగితే పాత మాటే చెప్పేవాణ్ణి. ఆ మాట చెప్పినప్పుడు వాళ్లు నా మొఖంలోకి చూసే తీరు నాకు ఇష్టంగా ఉండేది. చుక్కలు వేస్తే పండడం ఆగుతుందన్నది మాత్రం ఎవరూ చెప్పింది కాదు. నేనే పుట్టించాను. ఆ పిల్ల ఇచ్చిన మందు పనిచేస్తే నా మాట ఏమవుతుందోనని.

నేను డాక్టరును కాను. కంపౌండరును కూడా కాను. అటెండరును. చుక్కలు వేసేవాణ్ణి, పట్టీలు కట్టేవాణ్ణి. మొదటిసారి ఒక ముసలవ్వ "డాక్టరు బాబూ" అన్నప్పుడు కాదని చెప్పబోయాను. చెప్పలేదు. ఆ రోజు చెప్పి ఉంటే ఇవాళ బిజిలీకి రెండు కండ్లూ ఉండేవి.

బిజిలీ డ్రమ్ముకు తగిలితే నువ్వు మొఖం తిప్పుకున్నావు కదా. వ్యానులో నాకూ అదే చేశావు. అది ప్రేమేనని నాకు తెలుసు. కానీ నాకు అది వద్దు భద్రమ్మా. నా తప్పు నీ నెత్తిన పెట్టుకొని "నా బుద్ధితక్కువ" అన్నావు. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటాను.

ఇక ఒక్కటి అడుగుతాను. కాదంటే బాధపడను. కొంచెమే పడతాను. పెద్ద పెద్ద డాక్టర్లు పిలిచి మరీ చుక్కలు నాతో వేయించేవాళ్లు. రెప్ప కదిలేలోపు చుక్క లోపల ఉండేది. ఏడ్చే పిల్లలకు వేశాను, పిచ్చివాళ్లకు వేశాను, తన్నేవాళ్లకు వేశాను. ఇది మాత్రం గొప్పకు చెప్పడం లేదు. అంటే, గొప్పే, కానీ నిజం. బిజిలీని నా దగ్గరికి పంపు. మా గల్లీలో చెట్టు లేదు, కాయ లేదు, కోతి తొంగి కూడా చూడదు. హైదరాబాద్ దారిలోనే ఉన్నాం. మీ వదిన ముందు గది ఖాళీ చేసి నేల కడిగింది.

డాక్టరమ్మకు విడిగా ఉత్తరం రాశాను. అందులో ఎర్ర సిరా లేదు.

సదానందం


హసన్‌పర్తి,
12 ఏప్రిల్ 2024.

అన్నకు,

రెండు రోజులు ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను, మాటవరసకు కాదు. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఏడ్చినంత మాత్రాన కుక్కను పంపుతారా అని మళ్లీ నన్ను నేను అడిగాను.

ఆఖరుకు తేల్చుకున్నది ఇది. కంటి విషయంలో నీ నోటిని ఇక నమ్మను. నీ చేతిని నమ్ముతాను. నా కంట్లో చుక్క వేసినప్పుడు వేశావని కూడా తెలియలేదు నాకు. ఆ చెయ్యి నా బిజిలీకి కావాలి.

చుక్కల పట్టిక కావ్య రాసి ఇచ్చింది. ఏ గంటకు ఏ సీసా అని ఉంది. దానిలో నువ్వు ఒక్క చుక్క మార్చొద్దు, నీకు ఎంత తోచినా సరే. నువ్వు తనకు రాసిన ఉత్తరం దవాఖానలో అందరికీ చూపించిందట. కోపంగా కాదు. "గింత పెద్దాయన నాకు సారీ రాసిండు" అని.

ఆదివారం శ్యాంసుందర్ తెస్తాడు. నువ్వు మా ఇంటికి వచ్చి పదేళ్లు దాటింది, బిజిలీ నిన్ను ఎన్నడూ చూడలేదు. ముందు చెయ్యి చాపి పెట్టు, వాసన పట్టనీ. పేరు పెట్టి పిలువు. పిలిస్తే ఎంత కోపంలో ఉన్నా నిమ్మళిస్తుంది. పెరుగన్నం ఇష్టం. నెత్తి మీద నిమిరితే నచ్చదు, చెవి వెనక నిమరాలి. ముందు గది వస్తువులు మాత్రం జరపకండి.

అది లేకుంటే నాకు ఇల్లు తోచదు. కానీ గట్టిగా ఉంటాను.

వదినకు దండాలు.

భద్రమ్మ


రఘునాథపల్లి,
4 మే 2024.

చెల్లె భద్రమ్మకు దీవెనలు. నిండుగా.

ఆపరేషన్ సాయంత్రం కావ్య ఫోన్‌లో నీకు చెప్పింది, మత్తులోంచి లేచింది, బాగుంది అని. మిగిలింది నేనే కాగితం మీద రాస్తానని ఆమెను ఆపాను. కోపగించుకోకు. ఆపడం నాకు అలవాటే కదా.

ఏప్రిల్ 30న లోపలికి తీసుకుపోయే ముందు పెద్ద డాక్టరు కాగితాలు చూసి "ఎడమ కన్ను ఆలస్యం చేసిండ్రు గద" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "మా చెల్లె చెయ్యలే సారు. పండాలె అని నేనే ఆపిన. చుక్కలు గూడ నేనే వద్దన్న. గది రాసుకోండ్రి" అన్నాను. ఆయన నిజంగానే రాసుకున్నాడు. తల దించుకోలేదు భద్రమ్మా. దించుకుంటానేమోనని నువ్వు భయపడ్డావు, నేనూ భయపడ్డాను. కావ్య పక్కనే ఉంది. కావాలంటే అడుగు.

అంతకుముందు అక్కడి కుర్ర నర్సు చుక్కలు వేయబోతే బిజిలీ తల విదిలించింది. రెండుసార్లు బయటే పడ్డాయి. "నాకియ్యి బిడ్డా" అని తీసుకున్నాను. దవడ కింద ఎడమ చెయ్యి, చూపుడు వేలితో రెప్ప, వెనక నుంచి సీసా. అయిపోయింది. డాక్టరు చూస్తున్నాడు. "పెద్దమనిషీ, ఎక్కడ నేర్చుకున్నవ్?" అన్నాడు. "కంటి శిబిరాలల్ల అటెండర్ని సారు" అన్నాను. ఆ ముక్క నలుగురి ముందు అనడం నా జన్మలో అదే మొదలు. ఏమీ పోలేదు. పైగా ఆయన నర్సులను పిలిచి ఇంకోసారి వేసి చూపించమన్నాడు. చూపించాను.

మర్నాడు ఇంటికి తెచ్చాం. మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ తొడిగారు. మొదటి రెండు రోజులు కన్ను మసకగానే ఉంది. డాక్టరు ముందే చెప్పాడు, తగ్గుతుందని. అయినా నేను రెండు రోజులు సరిగా తినలేదు. పట్టిక ప్రకారం గంట తప్పకుండా వేశాను. సందేహం వచ్చినప్పుడల్లా కావ్యకు ఫోన్ చేశాను. అవును, ఫోన్ చేశాను.

ఇక నిన్నటి ముచ్చట. పొద్దున ఎనిమిది గంటల చుక్కలకు సీసా పట్టుకొని ముందు గది తలుపు తీశాను. ఎండ నా వెనక నుంచి లోపల పడింది. బిజిలీ పడుకున్నది లేచింది. నా కాళ్ల నుంచి మొదలుపెట్టి లుంగీ, బనీను, మీసం, నెత్తి, అన్నీ చూసింది. వాసన చూడలేదు, చూసింది. చూసి, నాలుగడుగులు వెనక్కి వేసి, పండ్లు బయటపెట్టి, గట్టిగా మొరిగింది.

ఇరవై రోజులు నా చేతిలో పెరుగన్నం తిన్న కుక్క. నా చప్పుడు వినగానే తోక ఊపే కుక్క. వాకిట్లోకి ఎవడో దొంగ వచ్చినట్టు మొరిగింది. మొరగనివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. పేరు పిలిస్తే ఆగుతుందని నువ్వు రాశావు. పిలవాలి, ఆ క్షణమే పిలవాలి, అది నా పని. పిలవలేకపోయాను. నన్ను చూస్తున్న ఆ కంటినే చూస్తూ నిలబడ్డాను. మూడుసార్లు మొరిగాక "బిజిలీ" అన్నాను.

ఠక్కున ఆగింది. గొంతు గుర్తుపట్టింది. మెల్లగా వచ్చి చెయ్యి వాసన చూసింది. మళ్లీ తల ఎత్తి నా మొఖం చూసింది, మళ్లీ చెయ్యి వాసన చూసింది. ఈ చెయ్యి ఈ ముసలోడిదా అని తేల్చుకోవడానికి దానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత తోక ఊపింది. మీ వదిన పరుగెత్తుకొచ్చి "కుక్క మొరిగితే నువ్వెందుకు ఏడుస్తానవ్?" అన్నది.

ముప్పై ఒక్క ఏళ్లు ఎంతమందో నన్ను చూసి దండం పెట్టారు, డాక్టరు బాబూ అన్నారు. నన్ను చూసి ఎవరో తెలియక మొరిగింది మాత్రం నీ కుక్క ఒక్కటే. అంత గర్వం నాకు ఎన్నడూ కలగలేదు.

ఆ మూడు మొరుగుల సంగతి కావ్యకు చెప్పకు, తిడుతుంది.

చుక్కలు వేసే
నీ అన్న సదానందం